నమూనా మామ

సూర్యాపేటనుండి జనగామకు పోవు రహదారి తిరుమలగిరిలో కాస్త ఊపిరి పీల్చుకొను తావునకు నాలుగడుగుల ఎడమున, వేపచెట్టు నీడలో ఒక పెంకుటిల్లు కలదు. దానిని ఇల్లనవలెనో కార్ఖానా యనవలెనో పంచాయతీవారికే నేటివరకు తేలలేదు. వీధివాకిలి దాటి లోపలికి పోయినవానికి మొట్టమొదట కానవచ్చునది గుంటమగ్గము. ఆ గుంటలో కాళ్లు దింపుకొని, నడుమునకు పైభాగమును మాత్రమే లోకమునకు ప్రసాదించి, ముక్కుకొనమీది కళ్లద్దాలలోనుండి తన పోగులను, వానిపైనుండి వచ్చినవానిని ఏకకాలమున పరికించుచు కూర్చుండు పురుషుడే నమూనా మామ. ఆయన అసలు పేరు ఓటర్ల పట్టికలో మాత్రమే మిగిలినది. ఇట్టివారు పోచంపల్లిలో ఉన్నారు, పుట్టపాకలో ఉన్నారు, కొయ్యలగూడెములోను సిరిపురములోను ఉన్నారు. కావున ఈ చిత్రమున తన పోలిక కనుగొని యెవరైన నొచ్చుకొనిన, ఆ నొప్పి పదిమంది పంచుకొనదగినదే యని మనవి.

మామ ఈ ఊరివాడు కాడు. మేనమామల యింట పుట్టపాకలో చిటికిపని నేర్చి, పెండ్లియైన పిమ్మట అత్తవారి యూరు చేరి, మగ్గమును వెంట తెచ్చుకొన్నాడు. వచ్చిననాటినుండి ఆయన ఒక సిద్ధాంతము నమ్మినవాడు. మనుష్యుడు పొద్దున బేరము చూచుకొనవలెను, పగటిపూట సంసారము చూచుకొనవలెను, రాత్రి కళను ఆరాధింపవలెను. ఈ మూడింటిని మూడు పూటలకు పంచిన యెడల కలహము లేదని ఆయన వాదము. వాదములో లోపము లేదు. అయితే కళాదేవికి గడియారము చూచు అలవాటు లేకుండుటచేత ఆమె తెల్లవారుజామున నాలుగింటికే దయచేయుచుండును; వచ్చినదానిని పొమ్మనుట మర్యాద గాదు; ఆమె కూర్చున్న చోట బేరము నిలుచుండవలసి వచ్చును; బేరము నిలుచున్న చోట సంసారము సంచి పట్టుకొని గుమ్మములో వేచియుండవలసి వచ్చును.

బేరమనగా పెండ్లిచీరల బేరము. ఒక పడుగుపై సాధారణముగా ఏడెనిమిది చీరలు దిగును; ఇంటిల్లిపాది కూర్చున్నచో నెలన్నర నాళ్లపని. ఈ లెక్క మామకు కంఠస్థము. అడిగినవారికెల్ల ఈ లెక్కయే చెప్పును. చెప్పిన నెలన్నర ఏ నెలలో మొదలగునో మాత్రము చెప్పడు. గత మాఘమాసమున ఒక పెండ్లికూతురు తండ్రి వచ్చి గుమ్మములో నిలుచుండి, "మామా, లగ్గం దగ్గర పడ్డది. చీర యాడిదాక వచ్చింది?" అని యడుగగా, "అంచు అయిపోయింది బిడ్డా, నడుమ శరీరం ఒక్కటే మిగిలింది," అని మామ నిశ్చింతగా సెలవిచ్చెను. ఆ తండ్రి కాసేపు మగ్గమువైపు, కాసేపు ఆకాశమువైపు చూచి, మారుమాట లేక నేరుగా వంటింటి వాకిటికి పోయి, "అత్తమ్మా, నిజం చెప్పు" అనెను. ఈ యింట నిజము వంటింట దొరకునని ఊరివారందరెరుగుదురు.

ఇంతకు ఆ తెల్లవారుజామున మామ చేయు కళ యేమనగా, నమూనా గీయుట. గ్రాఫు కాగితముపై గళ్లు నింపి, ఒక్కొక్క గడికి ఇన్ని పోగులని లెక్కగట్టి, పోగులను చట్రమునకు బిగించి, రంగు తగులరాని చోటులను సైకిల్ ట్యూబు చీల్చిన సన్నని రబ్బరు పేలికలతో గట్టిగా చుట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మరల వేరొకచోట చుట్టి, మరల ముంచుట ఈ చిటికిపనిలోని క్రమము. నేయుటకు ముందే చీర బొమ్మ పోగులలో దాగియుండును. మగ్గము దానిని బయటికి పిలుచును, అంతే. పేకను మాత్రమే అద్దినచో ఒక యెత్తు; పడుగును పేకను రెంటిని అద్ది, గడిపై గడి వచ్చి కూర్చుండునట్లు నేయుట మరియొక యెత్తు; ఒక్క పోగు పక్కకు జరిగినచో ఏనుగు తొండము చిలుక ముక్కునకు పోయి తగులుకొనును. ఇంతటి నిశిత గణితము తెలిసిన మామకు కిరాణాకొట్టు పద్దు కూడుట మాత్రము ఈ జన్మమున అలవడలేదు.

గ్రాఫు కాగితము తీరిపోయిన దినమున ఆయనకు కాగితమంతయు గ్రాఫు కాగితమే. మనుమరాలి లెక్కల పుస్తకము, శుభలేఖ వెనుకభాగము, కరెంటు బిల్లు, పొలము పాసుపుస్తకపు జిరాక్సు, ఏదియు ఆయన పెన్సిలునకు అంటరానిది కాదు. ఆర్టీసీ బస్సు సీటు గుడ్డలో, మార్కెట్టు యార్డులో పేర్చిన ధాన్యపు బస్తాల వరుసలలో, దవాఖానా నేలపలకలలో ఆయనకు చీరలు కనబడును. ఒకనాడు సూర్యాపేట పోవు బస్సులో ముందు కూర్చున్న స్త్రీ కట్టిన చీర కొంగును రెండు వేళ్లతో ఎత్తి పోగులు లెక్కించబోయి, కండక్టరు సమక్షమున కొంత వివరణ యిచ్చుకొనవలసి వచ్చెను. ఆ చీర నిజమైన పోచంపల్లి గాక పాలిస్టరుపై అచ్చు గుద్దిన నకలని తేలుటచేత, అవమానముకంటె ఆగ్రహమే ఆయనను ఎక్కువగా బాధించినది.

నకళ్లనగానే మామకు రక్తము మరుగును. పోచంపల్లి ఇక్కత్తునకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినదని, అయినను బజారులో దాని ముఖము వేసికొని తిరుగు అచ్చు గుడ్డలకు లోటు లేదని ఆయన ఎదుటివాని చేయి పట్టుకొని చెప్పును. ఇందుకు విరుగుడుగా ఒక వ్రతము పట్టినాడు: నేసిన నమూనా మరల నేయడు. "ఒక్కపారి నేసినంక మళ్ల అదే నేస్తే చద్దన్నం తిన్నట్టే" అనును. బిడ్డ వాట్సాప్‌లో ఒక చీర బొమ్మ పెట్టగా, నచ్చి అదే కావలెనని హైదరాబాదునుండి పదిమంది అడిగినప్పుడు, ఆ పదిమందికి అది తప్ప వేరే యేదైన నేయుదునని జవాబు వ్రాయించెను. ఈ వ్రతమువలన నకలు దొంగలు మామ జోలికి రాలేదనుట నిజమే. నకలు తీయవలెనన్నను మొదట అసలు పూర్తికావలెను గదా!

ఆయన చిరకాల స్వప్నము భూదాన చీర. 1951 ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో వినోబాభావే యెదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరములు దానమిచ్చిన ఘట్టమును పట్టుపై డబుల్ ఇక్కత్తులో నేయవలెను. కొంగున వినోబా, ఒడలంతయు నూరు గళ్లుగా నూరెకరములు, అంచున పాదముద్రలు. ఊహ గొప్పది, సందేహము లేదు. కాని చిటికిపనిలో గీతకు అంచు నిలువదు. కట్టు క్రిందికి రంగు కొంచెము పాకును. ఆ పాకుటయే దాని అందము. పూలకును ఏనుగులకును ఆ అందము చెల్లును. వినోబా గడ్డమునకు చెల్లలేదు. అది పాకి పాకి మొదటి పది ఎకరములలో కలిసిపోయెను. ఆ నమూనా ముక్కను వాకిట ఆరవేసిననాడు దారినపోవు పిల్లవాడొకడు, "ఇదేం చెట్టు తాతా?" అని యడిగినందుకు మామ మూడు దినములు మౌనవ్రతము పాటించెను. ఇంటివారు ఆ మూడు దినములను ఇప్పటికిని తీపిగా తలచుకొందురు.

నాలుగవ దినమున మౌనము వీడి, భూదానము పక్కన బెట్టి, తేలియా రుమాలుపై పడెను. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో గుర్తింపు వచ్చినది. ఎరుపు, నలుపు, తెలుపు రంగుల ఈ రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశముల తలలకెక్కినవి. దీని పోగులను ఆముదపు కాయల బూడిదనీటిలోను నూనెలోను దినములకొలది నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మరల నానబెట్టవలెను. శాస్త్రము శాస్త్రమే, వాసన వాసనయే. ఇరుగుపొరుగువారు కిటికీలు మూసికొనిరి. వంటింట పెద్ద గిన్నె అద్దకమునకు పోయినది తిరిగి రాలేదు. దానిని వెదకుటకు పోయిన రెండవ గిన్నెయు రాలేదు. అత్తమ్మ వాకిట నిలుచుండి, వీధికంతటికి వినబడునట్లు, "పోపుకు చుక్క నూనె లేదు గని, పోగులు మాత్రం కడుపునిండ తాగుతున్నయ్," అనెను. మామ దానిని ప్రశంసగా గ్రహించి, "ఇంక రెండు దినాలు తాగాలె," అని వివరించెను.

ఇక అత్తమ్మ సంగతి. మామ కథలో ఆమెకు పాత్ర లేదు. సాయంత్రపువేళ అరుగుపై కూర్చుండి మామ తన కులపురాణము చెప్పును: మార్కండేయుని కుమారుడగు భావనారుషి తామరతూటి పోగులతో దేవతలకు వస్త్రము నేసెనని, సూర్యుని కూతురు భద్రావతిని చేపట్టెనని. వినుటకు సొంపుగానే యుండును. ఆ రుషికి కండెలు చుట్టి యిచ్చినదెవరో, ఆసు పోసినదెవరో అడిగినచో, పురాణములో అట్టి చిల్లర విషయములుండవనును. ఆసనగా చిల్లర విషయము గాదని ఆయన యింటి దూలమునకు కూడ తెలియును. అర్ధచంద్రాకారమున నాటిన మేకుల చుట్టు, నడుమనున్న కేంద్రమునుండి పోగును లాగి తగిలించి, మరల వెనుకకు తెచ్చి, మరల తగిలింపవలెను. ఒక్క చీరకు చేయి ఇటునుండి అటు ఇంచుమించు 9 వేల మార్లు ఆడవలెను. మామ రాత్రి గీచిన గీతకు అత్తమ్మ పగలు చెల్లించు కట్టణమిది. ఆమె కుడిభుజము వానకు రెండు దినములముందే వానరాకడ చెప్పును.

ఆలేరు దగ్గరి శారాజీపేట వాస్తవ్యుడు చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి పడు ఈ బాధ చూడజాలక, చదువు ఆరవ తరగతితో ఆగినవాడయ్యును, ఏండ్లతరబడి అప్పులపాలై, పిచ్చివాడనిపించుకొని, తుదకు 1999లో ఆసుయంత్రము సాధించినాడు; గంటలకొలది సాగు పని గంటన్నర లోపునకు వచ్చినది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చెను, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చెను. మామ ఆ సినిమా చూచి తువ్వాలు తడియునట్లు ఏడ్చినాడు. ఇంటికి వచ్చి, "నీకు మిషను తెస్త," అని భార్యకు మాట యిచ్చినాడు. తెచ్చియుండెడివాడే. కాని మరునాటి తెల్లవారుజామున కళాదేవి వచ్చి, ఆ యంత్రమును ఇంకను కొంచెము బాగుచేయవచ్చునని చెవిలో నూరిపోసెను. అంతటితో మనుమడి సైకిలు చక్రము ఊడివచ్చెను, కుట్టుమిషను మోటారు ఊడివచ్చెను, పెరటిలో ఒక మహాయంత్రము సగము లేచెను. అది నేటికిని సగము లేచియే యున్నది; దానిపై కాకరతీగ పాకించినారు, కాయలు బాగుగనే కాయుచున్నవి. అత్తమ్మ చేయి మాత్రము మునుపటివలెనే ఇటునుండి అటు ఆడుచున్నది.

న్యాయము చెప్పవలెనన్న, మామ చేతిలో విద్య లేదని యెవరును అనజాలరు. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చినవి. ఆ యూరి నీళ్లు ఈయనయు త్రాగినాడు. ఒక్కొక్కప్పుడు, నమూనా కుదిరి, అత్తమ్మ ఆసు కుదిరి, కట్టుపై కట్టు కుదిరి, మగ్గముపై అంగుళమంగుళముగా పువ్వు విప్పుకొని వచ్చునప్పుడు, చీరకై తగవులాడ వచ్చినవాడు కూడ తగవు మరచి గోడకానుకొని చూచుచు నిలుచుండుట నేనెరుగుదును. చూచి చూచి, తుదకు మరల గడువు పెట్టి పోవును. మామ వ్యాపారరహస్యమంతయు ఇంతియే.

ఏటేట ఆగస్టు 7 చేనేత దినోత్సవమునాటికి కొండా లక్ష్మణ్ బాపూజీ పురస్కారమునకు దరఖాస్తు పంపవలెనని మామ సంకల్పము. దరఖాస్తుతోపాటు పూర్తియైన వస్త్రము చూపవలెనను చాదస్తపు నిబంధనయే అడ్డుపడుచున్నదని ఆయన వాపోవును. ఉపన్యాసము మాత్రము సిద్ధముగానే యున్నది. ఇరుగుపొరుగువారు దానిని పలుమార్లు వినియున్నారు.

మొన్న మగ్గముల లెక్క తీయుటకు ప్రభుత్వమువారి మనిషి యొకడు వచ్చెను. మగ్గమునకు ఫోటో తీసి, ఫారము తెరచి, "ఇక్కడ పనిచేసేది ఎందరు?" అని యడిగెను. "ఒక్కణ్ణే సార్," అని మామ గుంటలోనుండి గంభీరముగా పలికెను. నెలకెన్ని చీరలు, పట్టు ఎక్కడ కొందురు, సొసైటీ పాసుబుక్కు నంబరెంత, నేత సంపాదన యెంత యని వరుసగా అడుగగా, ప్రతి ప్రశ్నకు మామ కనురెప్పలు పైకెత్తి వంటింటివైపు చూచెను. ప్రతి ప్రశ్నకు వంటింటినుండి జవాబు వచ్చెను. ఆ మనిషి కాసేపటికి కుర్చీని వంటింటివైపు త్రిప్పుకొనెను. అంతయు వ్రాసి, అనుబంధ కార్మికులన్న గడిలో అత్తమ్మ పేరు చేర్చి, సంతకమునకై ఫారమును మామ చేతికిచ్చి, తాను చాయ త్రాగుచుండెను. చాయ అయిపోవుసరికి ఫారము నాలుగంచులను చక్కని గోపురపు వరుస చుట్టివచ్చినది, మూలలయందు చిలుకలు కూర్చున్నవి, అనుబంధ కార్మికుల గడి ఏనుగు పొట్టక్రింద మునిగిపోయినది. అత్తమ్మ తడిచేతులు కొంగున తుడుచుకొనుచు బయటికి వచ్చి, ఒక్క చూపు చూచి, "సారూ, ఇంకో కాయితం తీయుండ్రి," అనెను; "ఈపారి పెన్ను నాకియ్యుండ్రి."