హోంవర్క్ చాలడం లేదు మహాప్రభో!

పిల్లల మీద హోంవర్క్ భారం పెరిగిపోయిందని గగ్గోలు పెట్టేవాళ్లు మళ్లీ బయల్దేరారు. జూన్‌లో బడులు తెరవగానే ఒక విడత, పండగ సెలవులకు ముందు మరో విడత ఈ ఏడుపు మామూలే. నలుగురిలో మంచివాడనిపించుకోవాలంటే ఇంతకన్నా చవకైన దారి లేదు మరి. నేను మాత్రం ఇవాళ హోంవర్క్ తరఫున వకాల్తా పుచ్చుకుని వచ్చాను. దాని మీద ఆధారపడి బతుకుతున్న పెద్దవాళ్లు ఇంతమంది ఉండగా అందరికీ పిల్లలే గుర్తుకు రావడం అన్యాయం. నిజానికి హోంవర్క్‌లో పిల్లల పాత్ర చాలా చిన్నది.

మూడో తరగతి పాప డైరీ తెరవండి. ‘ఇంగ్లిష్: లెసన్ ఫోర్ క్వశ్చన్ ఆన్సర్స్ లెర్న్ అండ్ రైట్ త్రీ టైమ్స్. తెలుగు: చూచిరాత రెండు పేజీలు. మ్యాథ్స్: 13 నుంచి 16 ఎక్కాలు. ఈవీఎస్: మొక్క భాగాలు, చార్టు మీద, రేపే తేవాలి.’ ఇందులో సగం బోర్డు చెరిపేసేలోగా ఎక్కించుకున్న రాత, కాబట్టి ఎవరికీ అర్థం కాదు. వెంటనే తల్లి క్లాసు వాట్సాప్ గ్రూపు తలుపు తడుతుంది. ‘సెకండ్ బిట్ ఆన్సర్ ఎవరైనా పెట్టండి ప్లీజ్.’ క్లాసు ఫస్టు వచ్చే పిల్లాడి అమ్మ కాసేపు బెట్టు చేసి ఒక ఫొటో వదులుతుంది. అది వంకరగా ఉంటుంది, మూలన ఆవిడ బొటనవేలు కూడా పడి ఉంటుంది. దానికి వరసగా దండాల బొమ్మలు. ఆ రాత్రి ఆ ఒక్క జవాబు నలభై ఇళ్లలో, అదే అక్షరదోషంతో సహా, తలా మూడుసార్లు వెలుస్తుంది.

ఇక ఎక్కాలు. పాప పదమూడో ఎక్కం ఎలా రాస్తోందో పక్కన కూర్చుని చూసినవాళ్లకు తెలుస్తుంది. ముందు 13 అంకెను పైనుంచి కిందికి పదిసార్లు దింపుతుంది. తర్వాత పది ఇంటూ గుర్తులు. ఆ పక్కన ఒకటి నుంచి పది దాకా అంకెలు, ఆపైన పది ఈక్వల్ టు గుర్తులు. ఆఖరున నోట్‌బుక్ తిరగేసి, వెనక అట్ట మీద అచ్చు వేసిన ఎక్కాలు చూసి జవాబుల వరస దించేస్తుంది. ఎక్కం పూర్తయింది. పదమూడు ఏళ్లు ఎంతమ్మా అంటే మాత్రం ‘అది టీచర్ అడగలేదు’ అంటుంది. మూడుసార్లు రాయాల్సిన జవాబులదీ ఇదే పద్ధతి. మొదటి మాట మూడుచోట్ల, రెండో మాట మూడుచోట్ల. ఫ్యాక్టరీలలో పనిని ముక్కలు చేసి వేగం పెంచే కిటుకు కనిపెట్టడానికి పెద్ద పెద్ద ఇంజనీర్లు కావలసి వచ్చింది. మన మూడో తరగతి పిల్లలకు ఎవరూ చెప్పకుండానే వచ్చేసింది. హోంవర్క్ వల్ల ఏమీ నేర్చుకోవడం లేదని ఎవరండీ అన్నది?

మొక్క భాగాల చార్టు సంగతి వేరు. అది పాప చేయాల్సిన పని కాదని పాపకీ తెలుసు, టీచర్‌కీ తెలుసు, చార్టుకీ తెలుసు. వేళ్లు అమ్మ గీస్తుంది, ఆకులకు రంగు నాన్న వేస్తాడు. గ్లిట్టర్ కోసం తొమ్మిదింటికి బండేసుకుని వెళ్లేదీ ఆయనే. తీరిక లేని ఇళ్ల కోసం బడి ఎదురుగా జిరాక్స్ షాపు ఉండనే ఉంది. అక్కడ ‘ప్రాజెక్ట్ వర్కులు చేసి ఇవ్వబడును’ అని బోర్డు. సౌర కుటుంబం, నీటి చక్రం, స్వాతంత్ర్య సమరయోధులు, అన్నీ రెడీగా వేలాడుతుంటాయి. పాప వంతు ఒకటే, కింద మూలన పేరు రాయడం. అందులోనూ అమ్మకు అనుమానమే: ‘నువ్వు పాడు చేస్తావు, ఇలా ఇవ్వు.’

తెల్లారాక ఇదంతా టీచరమ్మ బల్ల మీదికి చేరుతుంది. ఆవిడకు నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కు నలభై అయిదు మంది అనుకోండి. నూట ఎనభై నోట్సులు. ఒక్కోదానికి అర నిమిషం ఇచ్చినా గంటన్నర. ఆ గంటన్నర టైమ్ టేబుల్లో ఎక్కడా ఉండదు. కాబట్టి ఎర్ర పెన్ను పైమూల నుంచి కిందమూల దాకా ఒక్క గీత గీసి, ‘సీన్’ అని, కింద సంతకం. ‘మొక్కలు వేళ్ల ద్వారా ఆహారం తయారుచేయును’ అని రాసినా అదే టిక్కు, ఆకుల ద్వారా అని రాసినా అదే టిక్కు. ఆవిణ్ని ఏమీ అనడానికి లేదు. ఆవిడ సాయంత్రం ఇంటికెళ్లి తన కొడుకు చార్టు గీయాలి.

ఎవరూ చదవకుండా రాసి, ఎవరూ చదవకుండా దిద్దే ఈ కాగితం మరి ఎందుకు? అది ఫీజుకు రసీదు, అంతే. చదువు కంటికి కనపడదు, నిండిన నోట్సు కనపడుతుంది. ఏటా ఇన్ని వేలు పోసిన తండ్రి శనివారం సాయంత్రం నోట్సు తిరగేస్తాడు. పేజీలు నిండి ఉంటే డబ్బు గిట్టుబాటు అయినట్టు. ఖాళీ కనపడితే సోమవారం ఆఫీసు రూములో పంచాయితీ: ‘పక్క స్కూల్లో ఎల్‌కేజీకే ఇంత ఇస్తున్నారు సార్, మీరేంటి ఖాళీగా కూర్చోబెడుతున్నారు?’ కరస్పాండెంట్ గారు వ్యాపారం తెలిసిన మనిషి. మంచి టీచర్‌ను పెట్టాలంటే జీతం ఇవ్వాలి. హోంవర్క్ పెంచడానికి సుద్దముక్క చాలు. పైగా ఆ నోట్సులు, వాటి అట్టలు, బడి పేరున్న లేబుళ్లు అమ్మేదీ ఆయనే.

ప్రభుత్వం నిద్రపోతోందని మాత్రం అనకండి. మన ప్రభుత్వాలు ఈ విషయంలో పిల్లలకన్నా శ్రద్ధగా హోంవర్క్ చేశాయి. 1989లో ఆర్.కె.నారాయణ్ రాజ్యసభలో లేచి, పుస్తకాల సంచుల కింద పిల్లలు వంగిపోతున్నారని వాపోయారు. నవలాకారుడు కదా, సభలో మాట్లాడితే పనులు జరుగుతాయని అనుకున్నారు. 1992లో కమిటీ వేశారు. దాని పెద్ద ప్రొఫెసర్ యశ్‌పాల్, కాస్మిక్ కిరణాల మీద పరిశోధన చేసిన భౌతిక శాస్త్రవేత్త. 1993లో ఆయన నివేదిక ఇస్తూ, సంచి బరువు సరే, చదివింది అర్థం కాకపోవడమే అంతకన్నా పెద్ద బరువు అన్నారు. అక్కడే దెబ్బతిన్నారు పాపం. కిలోల్లో తూగని బరువు గురించి చెబితే సర్కారుకు ఎలా ఎక్కుతుంది? ఆయన చెప్పిన దాన్ని గౌరవంగా పక్కనపెట్టి, అప్పట్నుంచీ సంచులే తూస్తున్నారు.

2017లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఒకటి, రెండు తరగతులకు ఒకటిన్నర కిలోలు, మూడు నుంచి అయిదుకు రెండు మూడు కిలోలు, ఆరు ఏడుకు నాలుగు, ఎనిమిది తొమ్మిదికి నాలుగున్నర, పదో తరగతికి అయిదు కిలోలు. ప్రాథమిక తరగతులకు హోంవర్క్ వద్దంది కూడా. ఆ మరుసటి ఏడాది మద్రాసు హైకోర్టు ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ ఇవ్వొద్దని గట్టిగా చెప్పాక, కేంద్రమూ ఒక సర్క్యులర్ తీసింది. అందులోని కిలోలు చూడండి: ఒకటిన్నర, రెండు మూడు, నాలుగు, నాలుగున్నర, అయిదు. పక్క బెంచీవాడి నోట్సు చూసి ఎక్కించినంత పొందికగా ఉన్నాయి. రెండింటికీ ఎర్ర టిక్కు పడింది. రెండూ సీన్.

2020లో స్కూల్ బ్యాగ్ విధానం వచ్చింది. సంచి బరువు పిల్లల ఒంటి బరువులో పదో వంతు మించకూడదట. బడిలో తూకం మిషన్ పెట్టాలట. రెండో తరగతి దాకా హోంవర్క్ లేదు, మూడు నుంచి అయిదు తరగతులకు వారానికి రెండు గంటలు, ఆపైన ఎనిమిది దాకా రోజుకు గంట. వారానికి రెండు గంటలంటే మన దగ్గర మంగళవారం రాత్రికే కోటా అయిపోతుంది. దానికన్నా నాకు నచ్చింది ఇంకోటి. చిన్న పిల్లలకు హోంవర్క్ బదులు, నిన్న సాయంత్రం ఇంట్లో ఏం చేశావు, ఏం ఆటలాడావు, ఏం తిన్నావు అని క్లాసులో మాట్లాడించాలట. ఇంత కఠినమైన ప్రశ్నాపత్రం ఎవరు తయారు చేశారో! నిన్న సాయంత్రం ఏం ఆడావంటే మన పిల్లలు బిక్కమొహం వేస్తారు. సిలబస్‌లో లేదు కదా.

ఇంత చెప్పినా ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని ఒక పెద్దాయన అడ్డొస్తాడు. ఆ బెంగ అక్కర్లేదు తాతగారూ. తెలంగాణ ఉత్తర్వు వచ్చినప్పుడు బయటపడిన లెక్క ప్రకారం ప్రాథమిక తరగతుల సంచులు ఆరు నుంచి పన్నెండు కిలోలు, హైస్కూలువి పదిహేడు దాకా ఉన్నాయి. మొక్క ఇప్పటికే బాగా వంగింది. ఇంకాస్త వంగితే నేలకు తగులుతుంది. మా కాలంలో ఎంత చదివేవాళ్లమో అని కూడా ఆయన అంటాడు. ఆయన కాలంలో బడికి పోయింది పలక, బలపంతో. నాలుగున్నరకు గంట కొడితే చీకటి పడేదాకా గోలీలు, బిళ్లంగోడు, కోతికొమ్మచ్చి. ఆ సాయంత్రాలన్నీ తాను అనుభవించేసి, మనవడి విషయానికొచ్చేసరికి ఆటలు చెడగొడతాయని కనిపెట్టాడు.

హోంవర్క్ వల్ల చదువు బాగుపడుతుందా అంటారా? అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో హారిస్ కూపర్ అనే ఆయన హోంవర్క్ మీద వచ్చిన పరిశోధనలెన్నో కుప్పపోసి 2006లో తేల్చింది, ప్రాథమిక తరగతుల్లో హోంవర్క్‌కూ చదువు మెరుగుదలకూ సంబంధం చాలా బలహీనమని. పెద్ద తరగతుల్లో కొంత ఉంది. ఆయన హోంవర్క్ వద్దనే మనిషి కూడా కాదు, తరగతికి పది నిమిషాల చొప్పున పెంచుకుంటూ పొమ్మంటాడు. మూడో తరగతికి అరగంట. అక్కడి బడుల్లో ఈ లెక్క చాలాచోట్ల నడుస్తుంది. అక్కడికి వెళ్లిన మనవాళ్లకు ఇది చూసి గుండె ఆగినంత పనవుతుంది. ‘ఇక్కడ బొత్తిగా చదువు చెప్పరు వదినా’ అని ఇండియాకు ఫోను చేసి, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల్ని సాయంత్రం లెక్కల సెంటర్లో పడేస్తారు. మనవాళ్లు ఏ దేశం పోయినా ఇంపొజిషన్ వెంటే వస్తుంది.

ఆరో తరగతికి వస్తే అసలు జాతర. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, వెయ్యి బోధన గంటలు అంది. అంటే రోజుకు నాలుగున్నర గంటలు. చట్టం రాసినవాళ్లకు ఐఐటీ ఫౌండేషన్ గురించి తెలియదు. టెక్నో, కాన్సెప్ట్, ఒలింపియాడ్ అని బోర్డు కట్టాక నాలుగున్నర గంటలు ఏ మూలకు? ఉదయం స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, శనివారం వీక్లీ టెస్టు, ఆదివారం ఎర్రర్ లిస్టు. ఇంకా భిన్నాల కూడిక తడబడుతున్న పిల్లాడి చేతిలో జేఈఈ మోడల్ బిట్లు. వాడికి వయసు పదకొండు. ఇంజనీరింగ్ సీటుకు ఇంకా ఏడేళ్లుంది. అయినా వాళ్ల నాన్న ‘ఇప్పటికే లేటయిందేమో’ అని కంగారు పడుతుంటాడు.

సెలవులు ఇచ్చారుగా అంటారు. ఇచ్చారు, సెలవుల హోంవర్క్‌తో సహా. అందులో మొదటి ప్రశ్న ‘మా ఊరి సంక్రాంతి’ గురించి పది వాక్యాలు. ఆ పది వాక్యాలూ పూర్తి చేయడానికి పిల్లని గదిలో కూర్చోబెట్టి తలుపు వేస్తారు. బయట గంగిరెద్దు వస్తుంది, పోతుంది. అమ్మమ్మ ‘ఒక్కసారి చూసి పోనీవే’ అంటే, ‘నీకేం తెలుసమ్మా, రాయకపోతే ఫైన్’ అని తల్లి కసురుతుంది. పిల్ల గైడు చూసి ‘గంగిరెద్దులవారు ఇంటింటికీ వచ్చెదరు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తుంది. గుడ్, విత్ స్టార్.

వ్యంగ్యం ఒక్క నిమిషం ఆపి ఒక మాట అనాలి. ఈ నాటకం మొత్తం ఇంట్లో చదివిన తల్లి, ఫోను, తీరిక ఉంటేనే నడుస్తుంది. పత్తి చేలో కూలికి పోయి పొద్దుగూకి వచ్చే తల్లికి డైరీలో ఏం రాసుందో తెలియదు. ఆ పిల్లకు చార్టు కొనడానికి డబ్బులుండవు, జవాబు అడగడానికి గ్రూపుండదు. మర్నాడు అందరి ముందూ నిలబడేది ఆ పిల్లే. క్లాసులో చెప్పాల్సిన పాఠాన్ని ఇంటికి పంపితే, దెబ్బలు మాత్రం పాఠం చెప్పేవాళ్లు లేని ఇంటి పిల్లకు పడుతున్నాయి. దీన్ని క్రమశిక్షణ అనడానికి మనకు నోరెలా వస్తోందో నాకు అర్థం కాదు.

సరే, వకాల్తాలోకి వస్తాను. నిరాశ పడనక్కర్లేదు, మార్కెట్ ఈ సమస్యను పరిష్కరించింది. ఊరి చివర రింగు రోడ్డు పక్కన కొత్త రకం బడులు వెలుస్తున్నాయి. హోర్డింగు మీద నవ్వుతున్న పిల్ల, కింద పెద్దక్షరాలతో ‘నో బ్యాగ్, నో హోంవర్క్’. ఫీజు లక్షల్లో. యశ్‌పాల్ గారు ఉచితంగా చెప్పింది అక్కడ వాయిదాల మీద దొరుకుతుంది. ఇన్నాళ్లూ హోంవర్క్ ఇచ్చినందుకు కట్టాం, ఇక ఇవ్వనందుకు కట్టాలి. ఆ బడిలో సీటు సంపాదించిన ఒక తండ్రి గర్వంగా చెప్పుకుంటుంటే విన్నాను. ‘మావాడికి అసలు హోంవర్క్ అనేదే ఉండదండీ, స్ట్రెస్ ఫ్రీ.’ ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి అడిగాడు: ‘మీ వైపు సాయంత్రం ఇంటికొచ్చి ట్యూషన్ చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా? కాస్త ఎక్కువ రాయించేవాళ్లు కావాలి.’