నాబ్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలము: కుడికి త్రిప్పిన నొక బటను; ఎడమకు త్రిప్పిన నొక బటను; శేషము యథేష్టము.

అవతారిక. కంప్యూటర్ మీద విమానం నడిపేవారు బల్లకు బిగించుకునే, తిప్పే నాబ్‌లున్న పరికరాలుంటాయి. వాటితో వచ్చే సెట్టింగుల పుస్తకాలన్నిటినీ కలిపి పిండితే మిగిలే సూత్రమిది. ‘కుడి’, ‘ఎడమ’, ‘త్రిప్పుట’ సుగమములు గనుక వాటికి టీక రాయడం లేదు. (లోపల రెండు తీగలు తారుమారైతే కుడి ఎడమవుతుంది గానీ అది పాఠభేదం.) చిక్కంతా ‘బటను’ దగ్గర: నాబ్ తిరిగితే పరికరం కంప్యూటరుకు బటను నొక్కినట్టు చెబుతుంది. తిప్పే వస్తువును నొక్కే వస్తువనడం ఏ శబ్దవృత్తి? ‘గంగలో గొల్లపల్లె’ అంటే గట్టు మీది పల్లె అని ఆలంకారికులు లక్షణ చెప్పి సర్దుకున్నారు. నీటికీ గట్టుకూ సామీప్యమన్నా ఉంది. నాబ్‌కూ బటనుకూ ఏ సంబంధం ఉందని లక్షణ చెప్పాలి? ముఖ్యార్థం చెడింది, వేరే అర్థం పుట్టలేదు. దీన్ని అలంకారశాస్త్రం దోషమంటుంది, అమ్మేవారు సౌలభ్యమంటున్నారు.

వస్తుస్వరూపం. నాబ్‌లు రెండు జాతులు. పొటెన్షియోమీటర్‌కు మొదలూ చివరా ఉంటాయి, ఎక్కడ ఆగిందో దానికి తెలుసు. ఎన్‌కోడర్‌కు ఆదీ లేదు, అంతమూ లేదు, ఎంతసేపైనా తిరుగుతుంది. తానెక్కడున్నదీ దానికి తెలియదు, ఇప్పుడు కదిలానన్నదే తెలుసు. మన ఘంటసాల, అమరావతి స్తూపాల నీడన వాదించుకున్న భిక్షువులు చూసి ఉంటే క్షణికవాదానికి దృష్టాంతంగా వాడుకునేవారు. ఎన్‌కోడర్ పలికేది రెండు తీగల మీద: 00, 01, 11, 10, మళ్లీ 00. ఒక్కో అడుగులో ఒక్క అంకె మాత్రమే మారుతుంది. ఏది ముందు మారిందో చూసి దిశ తెలుసుకోవాలి. చేతికి తగిలే ఒక్క క్లిక్కులో కొన్ని నాబ్‌లు నాలుగు అడుగులూ వేస్తాయి, కొన్ని రెండే వేస్తాయి. ఏ నాబ్ ఏ జాతిదో సూత్రకారుడు చెప్పడు. ‘శేషము యథేష్టము’ అన్నాడు కదా, ఆ శేషంలో ఇదొకటి.

ఉదాహరణ. గన్నవరం విమానాశ్రయం రన్‌వేకు ఒక కొస 08, రెండో కొస 26, అంటే 080, 260 డిగ్రీల దిశలు. తూర్పుకు లేచి, చుట్టి పడమటి ముఖంగా దిగాలంటే హెడింగ్ (ముఖదిశ) నాబ్‌ను కుడికి 080 నుంచి 260 దాకా తిప్పాలి: క్లిక్కుకు ఒక డిగ్రీ చొప్పున 180 క్లిక్కులు. చుట్టుకు 24 క్లిక్కుల నాబ్ అయితే ఏడున్నర చుట్లు. లెక్క తప్పిన సాఫ్ట్‌వేర్ ఒక్కో క్లిక్కును రెండుగా చదివితే 360 డిగ్రీలు పూర్తయి అంకె మళ్లీ 080కే వస్తుంది. అంత శ్రమా చేసి బయలుదేరినచోటే నిలబడ్డాం. రెండింటిని ఒకటిగా చదివితే 170 దగ్గర ఆగుతుంది. అంటే దక్షిణం, ఆ దారిలోనే పోతే కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం, అవనిగడ్డ, ఆపైన బంగాళాఖాతం.

శ్రీకాకుళం పేరు వచ్చాక ఊరుకోవడం వ్యాఖ్యాత ధర్మం కాదు. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు పోతూ బెజవాడలో కొన్నాళ్లు విడిది చేసి ఆ ఊరికే వెళ్లాడు. ఏకాదశి ఉపవాసం ఉండి, ఆంధ్రమహావిష్ణువును కలలో చూశాడు. గోదాదేవి కథ రాయమనీ, తెలుగులోనే రాయమనీ దేవుడు చెప్పినట్టు ఆముక్తమాల్యద అవతారికలో ఉంది. రాయలు ఉపవాసంతో చేరిన చోటికి మనం సగం క్లిక్కులు పోగొట్టుకుని చేరుతున్నాం. ఏమి రాయాలో, ఏ భాషలో రాయాలో చెప్పి పంపిన ప్రభువు అక్కడున్నాడు గానీ, నాబ్ పుస్తకాలు రాసేవారిలో ఎవరూ ఆ గుడిలో నిద్ర చేసిన జాడ లేదు. ఆముక్తమాల్యద కొరుకుడు పడని కావ్యమే. వేదం వేంకటరాయశాస్త్రి వంటివారు దానికి వ్యాఖ్య రాశారు. కాని ఆ కాఠిన్యాన్ని ఛేదిస్తే లోపల వానాకాలమూ, వరిచేలూ, పల్లెల కాపురాలూ కనబడతాయి. ఈ సెట్టింగుల కాఠిన్యాన్ని ఛేదిస్తే లోపల మరో సెట్టింగు కనబడుతుంది. ఆధారం లేని మాట, అవసరం లేని మాట తన వ్యాఖ్యలో ఉండవని ప్రతిజ్ఞ చేసిన కోలాచల మల్లినాథసూరికి నమస్కరించి నాబ్ దగ్గరికి వద్దాం.

ఆక్షేపం: క్లిక్కులు పోతున్నాయంటే మెల్లగా తిప్పుకోరాదా? సమాధానం: బటను అన్నాక నొక్కు ఎంతసేపు నిలవాలో నిర్ణయించాలి. సిమ్యులేటర్ ఫ్రేముకొకసారి పరికరం వంక చూసే ఏర్పాటులో, సెకనుకు 30 ఫ్రేములైతే రెండు చూపుల మధ్య 33 మిల్లీసెకన్లు. ఆ సందులో నొక్కి వదిలిన బటను ఎవరి కంటా పడదు. పడాలని నొక్కును 50కి, విడుపును మరో 50కి పెంచితే సెకనుకు పది క్లిక్కులే నడుస్తాయి. 180కి 18 సెకన్లు. చేయి ఐదు సెకన్లలో పని ముగించిందనుకోండి, పరికరం క్లిక్కులను వరుసలో నిలబెట్టేదైతే మిగతా 13 సెకన్లూ అంకె దానంతట అదే నడుస్తూ ఉంటుంది. వరుస లేనిదైతే ఆ క్లిక్కులు గాలికి పోతాయి. తప్పు చేతి వేగానిది కాదు, బటను వేషానిది.

మరొక ఆక్షేపం: కంప్యూటరుకు జాయ్‌స్టిక్కుల్లో అక్షాలూ బటన్లే తెలుసు, తయారీదారు ఏం చేస్తాడు? ఇందులో సగం నిజముంది. సిమ్యులేటర్లు రాసేవారికీ ఈ పాపంలో వాటా ఉంది. కాని యూఎస్‌బీ నిబంధనల్లో జాయ్‌స్టిక్ పేరున్న పట్టికలోనే డయల్, వీల్ అన్న పేర్లూ ఉన్నాయి. చవక మౌస్ చక్రాన్ని చూడండి: అది తనను బటనని చెప్పుకోదు, ఇన్ని గళ్లు తిరిగానని సంఖ్య చెబుతుంది. వందల రూపాయల మౌస్‌కు ఉన్న మర్యాద వేల రూపాయల పరికరానికి లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు వేగాన్ని పసిగట్టి పదేసి డిగ్రీలు దూకిస్తాయి, ఒప్పుకోవలసిందే. అది దోషానికి పైపూత.

ఇక స్వేచ్ఛావాదులు: అన్నీ మార్చుకునే వీలే గదా గొప్ప, అంటారు. నాబ్ హెడింగ్ మార్చాలా, ఎత్తు మార్చాలా, రేడియో ఫ్రీక్వెన్సీ మార్చాలా అన్నది కొన్నవారి ఇష్టం, అది స్వేచ్ఛే. దాని అడుగులు లెక్కపెట్టడం కొన్నవారి మీద వేస్తే అది వెట్టి. ప్రతి విమానానికీ మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలంటే మరీను.

తాత్పర్యం. క్లిక్కుకు ఎన్ని అడుగులో, నొక్కు ఎన్ని మిల్లీసెకన్లు నిలుస్తుందో పెట్టె మీద చూడండి. ఆ రెండంకెలు లేకపోతే అడగండి. ‘యథేష్టము’ అని జవాబు వస్తే పెట్టెను అంగట్లోనే వదిలేయండి.