సిలిండర్ అంటే ఏమిటో చెప్పరేం?

మా రోజుల్లో కళ్ళజోడు చీటీ రాసే ముందు డాక్టరుగారు చీకటి గదిలో కూర్చోబెట్టి, రెటినోస్కోపు వెలుతురు కంట్లో ఆడించి, ట్రయల్ ఫ్రేములో బిళ్ళలు మారుస్తూ “ఇది బాగుందా, అది బాగుందా” అని ఓపిగ్గా అడిగేవారు. ఇప్పుడు మిషను మీద గడ్డం ఆనిస్తే కాగితం వచ్చేస్తుంది. మిషను మీద నాకు కోపం లేదు. అది చెప్పేది మొదటి లెక్క మాత్రమే. దాన్ని బిళ్ళలతో సరిచూడకుండా అద్దాలకు ఆర్డరిచ్చేస్తారే, వాళ్ళ మీద కోపం.

పోనీ, ఆ కాగితంలో ఏముందో చెబుతారా? మొన్న మా మనవరాలు రెండుచోట్ల చూపించుకుని వచ్చింది. ఒక చీటీలో మైనస్ 1.00, సిలిండర్ మైనస్ 0.50, యాక్సిస్ 180. రెండోదాంట్లో మైనస్ 1.50, ప్లస్ 0.50, 90. “తాతయ్యా, పవర్ పెరిగిందా?” అని బెంగ. పెరగలేదు తల్లీ, రెండూ ఒకే అద్దం! మొదటి రెండంకెలూ కలుపు, సిలిండర్ గుర్తు మార్చు, యాక్సిస్‌కు 90 కలుపు. 180 దాటేట్టుంటే 90 తీసెయ్. ఒక చీటీ రెండోది అవుతుంది. ఈ ముక్క చెప్పడానికి అక్కడ ఎవరికీ తీరిక లేకపోయింది.

కంటి ముందు పొర బంతిలా సమంగా కాక, కోడిగుడ్డులా ఒకవైపు ఎక్కువ వంపు తిరిగితే ఆస్టిగ్మాటిజం. ఆ తేడాను సరిచేసేది సిలిండర్, దాన్ని ఏ కోణంలో నిలపాలో చెప్పేది యాక్సిస్. ఇంగ్లండులో ఎయిరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు 1820ల్లోనే తన ఎడమకంటి తేడా తానే కొలుచుకుని అద్దం చేయించుకున్నాడు. రెండు వందల ఏళ్ళ నాటి విద్య ఇది, కొత్తదేం కాదు.

యాక్సిస్ అంటే అందరికీ చులకనే. అది 30 డిగ్రీలు తప్పిందంటే ఆ సిలిండర్ ఉన్నా లేనట్టే. మా రోజుల్లో షాపాయన అద్దం పవర్, యాక్సిస్ కొలిచే లెన్సోమీటరులో చూసి, అద్దం మీద చుక్కలు పెట్టి, కోణం కుదిరాకే ఫ్రేములో బిగించేవాడు. ఇప్పుడు పిల్లలకు గుండ్రటి ఫ్రేముల మోజు. మర వదులైతే అద్దం అందులోనే తిరిగిపోతుంది, పవర్ మారిందనుకుని మళ్ళీ పరీక్షకు పరిగెడతారు. ముందు ఆ మర చూపించండి. కొత్త జోడు తీసుకునేటప్పుడు చీటీ పక్కన పెట్టి, మీ ఎదుటే లెన్సోమీటరులో చూడమనండి.