కన్ను నాది, కంగారు ఊరిది

కొన్ని జబ్బులు రోగిని బాధపెడతాయి. కొన్ని రోగిని చూసినవాళ్లను బాధపెడతాయి. కంట్లో రక్తపు మరక ఈ రెండో రకం. నొప్పి ఉండదు, చూపు తగ్గదు. ఎవరో చూసి కెవ్వుమనేదాకా వచ్చిన సంగతే తెలియదు.

నా విషయంలో కెవ్వుమన్నది మా ఆవిడ. అద్దం తెచ్చి చూపించింది. కుడి కన్ను తెల్లగుడ్డు సగానికి పైగా నెత్తుటి ఎరుపు. పాత జానపద సినిమాల్లో మాంత్రికుడిలా ఉన్నాను, మంత్రదండమే తక్కువ.

"నిన్న బయల్దేరుతూ అల్లుడుగారు ఒంటి తుమ్ము తుమ్మారు. అప్పుడే అనుకున్నా" అన్నారు అత్తగారు. తుమ్ముకీ కంటికీ ఏం సంబంధమండీ అంటే వినలేదు. ఉప్పూ ఎండుమిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేశారు. ఆ ఘాటుకి ఇంటిల్లిపాది కళ్లూ ఎర్రబడి, కాసేపు ఎవరు రోగో తెలియలేదు.

లిఫ్టులో పైఫ్లాటాయన నన్ను చూసి గోడవైపు తిరిగిపోయాడు. 2023 వానల్లో ఊరంతా తిరిగిన కండ్లకలక ఆయన ఇంకా మర్చిపోలేదు. నాది కండ్లకలక కాదు. అయినా అది చూపుతో అంటుకోదు, చేతులతో, తువ్వాళ్లతో అంటుకుంటుంది. ఈ మాట గోడకే చెప్పాల్సివచ్చింది. వాచ్‌మన్ ఆముదం వేసుకోమన్నాడు. ఎదురింటావిడ దొడ్లోని నందివర్ధనం పూలన్నీ కోసి పంపింది. కూతురి పెళ్లిచూపులకు కూడా సెలవివ్వని మా మేనేజరు నన్ను చూడగానే లేచి నిలబడి, "ముందు ఇంటికెళ్లండి సార్" అన్నాడు. మా అబ్బాయి ఫోన్‌లో వెతుకుతూ కంటితో మొదలుపెట్టి, రాత్రి భోజనాల వేళకి మెదడు దాకా చేరుకున్నాడు.

కంటి డాక్టరు లైటు వేసి చూశారు, అక్షరాలు చదివించారు, బీపీ చూశారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని అడిగారు. లేదన్నాను.

"గట్టిగా తుమ్మారా?"

వెంట వచ్చిన అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

తుమ్మినా, దగ్గినా, బరువెత్తినా, ముక్కినా కంటి మీది పలచటి పొర కింద సన్నటి రక్తనాళం ఒక్కోసారి చిట్లుతుందట. ఆ రక్తం బయటికి రాలేక పొర కిందే పరుచుకుంటుంది. ఉన్నది చుక్కే అయినా తెల్లటి చోట కదా, భయంకరంగా కనిపిస్తుంది. దీని పేరు సబ్‌కంజంక్టైవల్ హెమరేజ్. జబ్బుకంటే పేరే ప్రమాదకరం.

"మందేమిటి డాక్టరుగారూ?"

"క్యాలెండరు. ఒకటి రెండు వారాల్లో అదే పోతుంది."

ఫీజు కట్టి వట్టి చేతులతో వెళ్లడమా అని మా ఆవిడ కదల్లేదు. చివరికి కన్ను తడిగా ఉంచే చుక్కలు రాశారు. అవి నా కంటికి కాదు, ఆవిడ మనశ్శాంతికి.

ఇంటికొచ్చాక అత్తగారిని పట్టలేకపోయాం. ఒంటి తుమ్ముకి వైద్యశాస్త్రం సాక్ష్యం చెప్పింది మరి!

కథ అయిపోయిందనుకున్నాను. రక్తం ఇంకుతూ ఎరుపు అంచులు పసుపు తిరిగాయి. అది నయమవుతున్న గుర్తని డాక్టరు ముందే చెప్పారు. ఊరికి చెప్పలేదు. "అయ్యో, పచ్చకామెర్లు!" అంటూ వాచ్‌మన్ ఈసారి నేల ఉసిరి తెచ్చాడు. కామెర్లయితే రెండు కళ్లూ పచ్చబడతాయి నాయనా అంటే, "రెండోది రేపు తిరుగుతుంది లెండి" అని ధైర్యం చెప్పాడు.

అందుకని చూసేవాళ్లకు నా మనవి. కంట్లో నెత్తురు కనిపిస్తే నొప్పి ఉందా, చూపు మసకేసిందా, దెబ్బ తగిలిందా అని అడగండి. వీటిలో ఏది ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, మాటిమాటికీ ఇలా వస్తున్నా ఆ మనిషిని వెంటనే డాక్టరు దగ్గరికి పంపండి. ఏదీ లేకపోతే ఒకసారి బీపీ చూపించుకోమని చెప్పి, మీరు కాసిని మంచినీళ్లు తాగి కూర్చోండి. కంగారు పడుతున్నది మీరే.