గోళీలు వేసిన సీసా

భిలాయి సెక్టార్లలో తెలుగువాళ్ల క్వార్టర్లు ఎరిగినవారికి డార్క్‌రూమ్ బాబాయిగారిని కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. ఉద్యోగం ఉక్కు కర్మాగారంలో, ప్రాణం బాత్రూము అటక మీది గోధుమరంగు సీసాల్లో. ఆయనది ఫోటోల పిచ్చి అని ఇరుగుపొరుగు అంటారు. నేనొప్పుకోను. ఆయనది ఫోటోలు కడిగే మందులు పాడవకుండా కాపాడుకునే పిచ్చి. ఫోటోలు ఆ పనికి అడ్డం. ఫిల్ము మీద బొమ్మ తేల్చే డెవలపరుకి గాలే శత్రువు. డి-76 అనే డెవలపరు లీటరు కలపడానికి మెటాల్ 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు చాలు; సోడియం సల్ఫైటు మాత్రం 100 గ్రాములు పొయ్యాలి. ఆక్సిజన్‌ని తాను మింగి మిగతావాటిని కాయడం దాని పనుల్లో ఒకటి. అంత కాపలా ఉన్నా నిండు సీసా 6 నెలలు, సగం ఖాళీ అయితే 2 నెలలేనని కొడాక్ కంపెనీ లెక్క. వాడినకొద్దీ సీసా ఖాళీ, ఖాళీ అయినకొద్దీ గాలి. కనుక అసలు వాడకపోవడమే క్షేమమని బాబాయిగారి సిద్ధాంతం. తప్పక వాడితే, తగ్గినమేరకు గాజు గోళీలు వేసి మట్టాన్ని మూతిదాకా తెస్తారు. పిల్లల గోళీలు ఎటుపోతున్నాయో వాళ్ల తల్లులకి తెలుసు. అప్పుడప్పుడూ ఫిల్ము ముక్కొకటి పట్టపగలే డెవలపరులో ముంచి చూస్తారు. అది నల్లబడితే ఆయన మొహం వెలిగిపోతుంది. ఆ ఏటికి ఛాయాచిత్రకళ అంతే. పెళ్లి ఫోటోలు మాత్రం ఎవరో ఫోనులో తీస్తారు.

దొరకని సరుకు కదా, పొదుపు చేస్తున్నాడని కొందరు వెనకేసుకొస్తారు. పొదుపే అయితే పొడిని పొట్లంలోనే ఉంచి, కావలసినప్పుడు కలుపుకోవచ్చు. విప్పని పొట్లం ఏళ్లతరబడి ఉంటుంది. 1891లో వచ్చిన రోడినాల్ అనే డెవలపరు ఉంది, రంగు ముదిరి కాఫీ డికాక్షనులా అయినా పనిచేస్తుంది. బాబాయిగారు దాని జోలికి పోరు. కాపలా అక్కర్లేని మందుతో ఆయనకేం పని?

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టనూ లేం. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించినప్పటి నుంచీ, దల్లీ రాజహరా ఖనిజంలోంచి ఆక్సిజన్‌ని ఊడలాగడమే ఆ ఊరి వృత్తి. షిఫ్టంతా ఆక్సిజన్‌తో పోట్లాడినవాడు ఆ పగని ఇంటికి మోసుకు రావడంలో వింతేముంది! విసుక్కునే పిన్నిగారు చేసేదీ అదే: ఆవకాయ మీద నూనె తేలేలా పోసేది గాలి తగలకుండానే కదా. కాకపోతే ఆవిడ ఆవకాయ తినడానికి పెడతారు.

వేసవిలో అక్కడ ఎండ 45 డిగ్రీలు, జాగ్రత్త అవసరమే కదా అంటారా? అవసరమే. వేడికి డెవలపరు త్వరగా చెడుతుంది, ఆమ్లం కలిపిన ఫిక్సరులో గంధకం విడిపోయి తెల్లగా మడ్డి కడుతుంది. అందుకని ఫ్రిజ్‌లో పెట్టడమా? మరీ చల్లబడితే కరిగినవి పలుకులుగా అడుగున చేరతాయి. అసలు భయం అది కాదు. పెరుగుగిన్నె పక్కనే, పేరూ తేదీ లేకుండా, కూల్‌డ్రింకు సీసాలో హైడ్రోక్వినోన్! మండుటెండలో బడినుంచి వచ్చే పిల్లాడు అది డెవలపరా, కూల్‌డ్రింకా అని ఆలోచించడు. బాబాయిగారూ, ఫోటోలు తీసినా తీయకపోయినా మీ ఇష్టం. ఆ సీసాని మాత్రం ఇవాళే ఫ్రిజ్‌లోంచి తీసి, పేరు రాసి, తాళం వేసిన బీరువాలో పెట్టండి.