వేలు పెడితే ఈజిప్టు

సోషల్ పాఠానికి మహర్దశ పట్టింది. గోడ నిండా తెర. వేలు పెడితే ఈజిప్టు, ఇంకోసారి పెడితే మొహెంజొదారో. పిరమిడ్డును గిర్రున తిప్పొచ్చు, తలకిందులు చెయ్యొచ్చు, పైకప్పు ఊడదీసి లోపల పడుకున్న రాజుగారిని పలకరించొచ్చు. తమిళనాడులోని మన బర్గూరు పిల్లోడు నోరు తెరుచుకుని చూస్తాడు. ఆ తెరిచిన నోటినే ఫొటో తీసి, "అభ్యసన ఫలితం" అని పేరుపెట్టి పై ఆఫీసుకు పంపుతారు.

తెర వచ్చి చదువును మార్చేస్తుందనే జోస్యం ఇప్పటిది కాదు. బళ్లలో పుస్తకాలకు కాలం చెల్లిందనీ, ఇక సినిమాబొమ్మే అన్నీ నేర్పుతుందనీ, పదేళ్లలో చదువు రూపే మారిపోతుందనీ 1913లోనే థామస్ ఎడిసన్ సెలవిచ్చాడు. ఆ పదేళ్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఒకటి ఆరు రాష్ట్రాల్లోని 2400 పల్లెలకు టీవీ పాఠాలు చూపించింది. ఆంధ్ర పల్లెలూ అందులో ఉన్నాయి. గడువు తీరాక ఉపగ్రహం వెళ్లిపోయింది, అయివారు మిగిలాడు. 2018లో తమిళనాడు కొత్త పాఠపుస్తకాల్లోకి క్యూఆర్ కోడ్లు దిగాయి, మరుసటేడు కల్వి టీవీ వచ్చింది. ఇప్పుడు స్మార్ట్ బోర్డు వంతు. ఋతుపవనాలు కదిలే తీరు చెప్పడానికి తెరను మించింది లేదు, ఆ మాటకు అడ్డు చెప్పను. పేచీ అంతా దాన్ని అమ్మేవాళ్ల మాటతోనే: "ప్రపంచాన్నే తరగతి గదిలోకి తెచ్చేశాం!"

వచ్చింది సరే, బర్గూరు ఎటు పోయింది?

తొగరపల్లి దగ్గర మయిలాడుంపారైలో తవ్వితే ఇనుము దొరికింది. అక్కడి నమూనాలను అమెరికా ప్రయోగశాలకు పంపి వయసు కట్టిస్తే క్రీస్తుపూర్వం 2172 అని తేలింది. మన గుట్టల్లో 4200 ఏళ్ల కిందటే ఇనుము వాడారని 2022 మేలో ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో ప్రకటించారు. సాంకేతికత సాంఘికశాస్త్రానికి చేసిన అసలైన ఉపకారం ఇదీ. కానీ ఆ చోటు చూపించాలంటే పిల్లల్ని బస్సెక్కించాలి. బస్సును వేలితో తాకితే ఏమీ కదలదు కాబట్టి అది సాంకేతికత కిందికి రాదు.

ఇంకొంచెం పక్కకు పోతే జగదేవి కోట. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో టిప్పు చేతిలోని మన బారామహల్ సీమ ఈస్టిండియా కంపెనీవాళ్లకు దక్కింది. కంపెనీ అధికారి అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద పనిచేసిన థామస్ మన్రో ఇక్కడి పొలాలు కొలిచి, నేరుగా రైతు దగ్గరే శిస్తు కట్టించుకునే రైత్వారీ పద్ధతికి ఇక్కడే నారు పోశారు. రైత్వారీ అంటే ఏమిటో తెలియాలంటే తాత పెట్టెలోని పట్టా తెచ్చి చదివిస్తే చాలు. తెరమీద మాత్రం టోపీ పెట్టుకున్న కార్టూన్ దొర అమెరికా యాసలో రైత్వారీ గురించి చెబుతాడు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే పిల్లోడు ఆ టోపీ రంగు గుర్తుపెట్టుకుంటాడు. క్విజ్‌లో అదే అడిగితే పదికి పది.

పౌరశాస్త్రం ఇంకా రుచిగా ఉంటుంది. 1991లో జయలలిత ఈ బర్గూరు నుంచే గెలిచి ముఖ్యమంత్రి అయింది. 1996లో ముఖ్యమంత్రిగా ఉండి ఇక్కడే సుగవనం చేతిలో ఓడింది. ఓటుకు ఎంత బలముందో ఇంతకన్నా గట్టిగా చెప్పే త్రీడీ బొమ్మ ఏ కంపెనీ దగ్గరుంది? ఆ రోజు వరుసలో నిలబడి ఓటేసిన అవ్వ ఇప్పటికీ అరుగుమీదే కూర్చోనుంది, చార్జింగ్ అక్కర్లేదు. వ్యాపార భూగోళం కావాలంటే చిన్న సూరత్ అని పేరుపడ్డ మన బట్టల అంగళ్ల వరుస చాలు. ఏ చీర ఎక్కడినుంచి వచ్చిందో, ఏ రాష్ట్రానికి పోతుందో అంగట్లో కుర్రాడే చెప్తాడు.

యంత్రమే కావాలంటారా, వాడుదాం. ఫోన్లు ఇచ్చి అవ్వ మాటలు రికార్డు చేయించండి. కోటగోడను కొలిపించండి. దారి పక్కన పడున్న వీరగల్లులను మ్యాపులో గుర్తుపెట్టించండి. ఇందులో చిక్కు ఒక్కటే: ఆ వేళకు తరగతి గది ఖాళీగా ఉంటుంది, తనిఖీకొచ్చిన అధికారికి ఫొటో తీసుకోను ఒక్క తెరిచిన నోరూ దొరకదు. ఆయన్నీ బస్సెక్కిద్దాం. టికెట్టు మాత్రం ఆయనే కొనాలి.