చెత్తను కాపాడుకుందాం రండి!

వర్సిటీ వారి సర్క్యులర్ మీరూ చదివే ఉంటారు. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) కార్యక్రమాలకు క్రెడిట్లు కావాలంటే ఇక మీదట ప్రతి వాలంటీరూ చీపురు పట్టుకుని, వెనకాల చెత్త స్పష్టంగా కనిపించేలా జియోట్యాగ్ ఫొటో దిగి అప్‌లోడ్ చేయాలట. క్రమం తప్పకుండా చేసినవారికి ఏడాది చివర నాయకత్వ ధ్రువపత్రం!

అంతా బాగుంది గానీ, ఏలినవారు ఒక్క లెక్క మరిచారు. అంత చెత్త ఎక్కడుంది?

వాలంటీర్లేమో వందల్లో ఉన్నారు. క్యాంపస్‌లో గానుగ చెట్టు కింద ఉన్నది ఒకే ఒక్క ఆకుల కుప్ప. మొదటి బ్యాచ్ కుర్రాళ్లు అమాయకంగా దాన్ని ఎత్తి పారబోస్తే తర్వాతి బ్యాచ్ గతేం కాను? అందుచేత రిజిస్ట్రారు గారు తక్షణం చెత్త సంరక్షణ కమిటీ వేయాలి. కుప్ప చుట్టూ కంచె కట్టాలి, రాత్రిళ్లు వాచ్‌మన్‌ను పెట్టాలి. ఫొటో అయ్యాక ఆకులు ఎక్కడివక్కడ పరిచి, సంతకం పెట్టి, తర్వాతి బ్యాచ్‌కి అప్పగించాలి. ఖాళీ సీసాలు స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కాలి. గాలివానకు కుప్ప కొట్టుకుపోతే పూచీ ప్రోగ్రామ్ ఆఫీసరుదే. న్యాక్ బృందం తనిఖీకి వచ్చే రోజుకు మేలురకం చెత్త విడిగా దాచి ఉంచాలి.

దత్తత గ్రామంలో ఆ చింత లేదు. "క్యాంపెప్పుడు సార్? అందాకా వీధులు ఊడవకుండా ఆపమంటారా?" అని సర్పంచి ముందే అడుగుతాడు. ఫొటోకి పది రూపాయలు వసూలు చేసుకుంటే పంచాయతీకీ నాలుగు రాళ్లు.

1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి ఏట, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. పాపం, అప్పట్లో సెల్‌ఫోన్లు లేక పెద్దలు నిజంగానే పని పెట్టుకున్నారు. రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలన్నారు. ఫొటోకి నిమిషం చాలు. మిగతా 239 గంటల 59 నిమిషాలూ క్యూలో నిలబడ్డ సేవ కింద జమ కట్టేయొచ్చు. 'నేను కాదు, నీవు' అన్న ఎన్‌ఎస్‌ఎస్ ఆదర్శాన్నీ పిల్లలు తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. ధర చీటీ అయినా ఊడని కొత్త చీపురు క్యూ పొడుగునా చేతులు మారుతోంది. "నేను కాదురా, ముందు నువ్వు!"

ఇంతలో ఫొటో తీసేవాడి కేక. "అమ్మా, కాస్త పక్కకు జరుగు, ఫ్రేములోకి వస్తున్నావు."

ఎవరినండీ జరగమంటున్నారు? తెల్లారకముందే వచ్చి ఆ క్యాంపస్ అంతా ఊడ్చే ఔట్‌సోర్సింగ్ కార్మికురాలిని! ఆమె చేతిలో చీపురు అరిగి పిడికెడు మిగిలింది. ఆమెకు నెలల తరబడి జీతం లేదు. ఎందుకివ్వలేదని నిలదీసినవాడే అసలైన విద్యార్థి నాయకుడు. వాడికి వర్సిటీ ఇచ్చేది మాత్రం షోకాజ్ నోటీసు.

అలాంటి నాయకుణ్ణి విద్యార్థులే ఎన్నుకునేలా విద్యార్థి సంఘాలకు ఎన్నికలు జరపాలని లింగ్డో కమిటీ 2006లోనే చెప్పింది. అమలు చేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి, కొంపలేమీ మునగలేదు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మాత్రం ఎనభైల చివర ఆపిన ఎన్నికలకు ఇప్పటికీ అతీగతీ లేదు. పద్దెనిమిదేళ్లకే ఎమ్మెల్యేని ఎన్నుకోగలిగినవాడు హాస్టల్ ప్రతినిధిని ఎన్నుకోలేడా? అడిగే నోరు నొక్కేసి, చేతికి చీపురిచ్చి, నాయకత్వం నేర్పామంటే నమ్మడానికి మేమేమైనా వెర్రివాళ్లమా?

వీసీ గారూ, ధ్రువపత్రాలు మీ దగ్గరే ఉంచుకోండి. ముందు ఆ తల్లికి జీతం ఇవ్వండి. ఆ తర్వాత ఎన్నికల తేదీ ప్రకటించండి.